శుక్రవారం దగ్గే వ్యాను

ఆ రోజుల్లో నాకు రాని విద్య ఏదైనా ఉందంటే, ఏలూరు గ్రంథాలయంవాళ్లు ఆ పుస్తకం ఇంకా తెప్పించలేదని అర్థం. ఈత గురించి కూడా పూర్తిగా చదివాను (కొల్లేరు పక్కనే పుట్టినా నీళ్లలోకి మాత్రం దిగలేదు). అలాంటి పండితుడికి మొదటి ఉద్యోగం మావయ్యగారి చేపల వ్యాను నడపడం. కైకలూరులో ఐసు పెట్టెలు ఎక్కించుకుని ఏలూరు మార్కెట్‌లో దించాలి. నాకంటే వయసులో పెద్దదైన ఆ పెట్రోలు బండి వారమంతా బుద్ధిగా ఉండి, శుక్రవారం పొద్దున్న మాత్రం దగ్గుతూ, తుమ్ముతూ, ఎగిరెగిరిపడుతూ నడిచేది. ఏలూరులో మెకానిక్ దగ్గరికి చేరేసరికి ఏ జబ్బూ ఉండేది కాదు. ఆయన చెవి ఒగ్గి విని, బండిని వదిలేసి నావైపే అనుమానంగా చూసేవాడు.

మావయ్యకు ఓపిక పోయింది. వచ్చే శుక్రవారం కూడా దగ్గిందంటే తాడేపల్లిగూడెంలో పాత ఇనుము కొట్టుకు తోలేస్తానన్నాడు. బండితోపాటు నా ఉద్యోగమూ పోతుంది. గ్రంథాలయానికి పరుగెత్తి ఇంజన్ల మీద ఉన్నవాటిలో బాగా లావైన పుస్తకం తెచ్చాను. అందులో చెప్పినట్టే ప్లగ్గులు తోమాను, కార్బురేటర్ కడిగాను, ఒక్కో ప్లగ్గు వైరూ పీకి ఏ సిలిండర్ పనిచేయడం లేదో విన్నాను. అన్నీ చక్కగా పనిచేస్తున్నాయి (బుధవారం మరి). చివరికి, బండి స్టార్ట్ చేయకముందే ఒకసారి ఇంజన్ చూడాలనే వాక్యం దొరికింది.

శుక్రవారం తెల్లవారగానే వెళ్లేసరికి బానెట్ ఎత్తే ఉంది. అత్తయ్య తలస్నానం చేసి, ఇంజన్ మీద చెంబుతో పసుపునీళ్లు పోస్తోంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతకు కుంకుమ బొట్టు, ప్లగ్గు వైర్ల మధ్య చామంతిపువ్వు. నా పుస్తకంలో ఈ బొమ్మ లేదు.

“ఇదేంటండీ అత్తయ్యా?”

“అన్నం పెట్టే తల్లి కదరా. ఈ మధ్య మరీ మొరాయిస్తోందని రెండో చెంబు కూడా పోస్తున్నాను.”

ఆ వైర్లు తడిస్తే ప్లగ్గుకు కరెంటు అందదనీ, దారిలో వేడికి ఆరిపోయాక బండి మామూలవుతుందనీ వివరించాను. ఆవిడ ఓపిగ్గా విని, “అయితే పూజ మానేయమంటావా?” అంది. మావయ్య తాళాలతో గుమ్మంలోకి వచ్చేశాడు.

“మానొద్దండీ. ముందు చక్రానికి చేయాలటండీ, పుస్తకంలో ఉంది,” అన్నాను. ఏ పేజీలోనూ లేదు.

“ఎంత పుస్తకమేంటి?”

రెండు చేతులతో లావు చూపించాను. ఆవిడ చెంబు పట్టుకుని చక్రం దగ్గరికి నడిచింది. నేను తువ్వాలుతో వైర్లన్నీ తుడిచాను. ఏలూరు దాకా బండి ఒక్కసారైనా దగ్గలేదు. మావయ్య మళ్లీ ఇనుము కొట్టు మాటెత్తలేదు.

అత్తయ్య ఊరుకుంటుందా, వ్యాన్లున్న ఇంటింటికీ ఆ సంగతి చెప్పి వచ్చింది. ఇప్పటికీ కైకలూరు వెళితే, ముందు చక్రానికి పసుపు రాసిన బండ్లు కనిపిస్తాయి. ఒకసారి ఒక డ్రైవర్‌ని ఎందుకలా అని అడిగాను. “శాస్త్రంలో ఉందండీ,” అన్నాడు, చదువు లేనివాడికి చెబుతున్నట్టు. ఇన్నేళ్లు ఇన్ని పుస్తకాలు చదివి లోకానికి నేనిచ్చిన శాస్త్రం ఆ ఒక్క ముక్కే. తల ఊపి, చేతులు కట్టుకుని విన్నాను.