అత్తయ్య అన్నం మరిచిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తిండి మీద అందరికంటే ధ్యాస ఉన్న మనిషి మా మేనత్త. ఎక్కడ పనిచేసినా పన్నెండు కాకముందే క్యారేజీ మూత తీసేది. వన్ టౌన్‌లో బట్టల కొట్టు, పామర్రులో బడి, గుణదలలో మా వీధిలోనే కుట్టుమిషను, ఏ పనిలోనూ ఏడాది నిలవలేదు.

"చీరలు మార్చినట్టు ఉద్యోగాలు మారుస్తావేమే" అని నాన్నమ్మ దెప్పేది.

"మార్చడానికి నాకు అన్ని చీరలెక్కడివమ్మా" అని అత్తయ్య నవ్వేది.

తాతయ్య నవ్వేవారు కాదు. అప్పుడు ఆమె ఒక కుష్ఠురోగుల ఆసుపత్రిలో చెప్పులు చేయడం నేర్చుకుంటోంది. చదువుకున్న పిల్ల చెప్పులు కుట్టడమేమిటని ఆయన బాధ. స్నేహితుడి ఆఫీసులో గుమాస్తా పని చూసిపెట్టి, శనివారం సాయంత్రానికల్లా ఒప్పుకోవాలన్నారు.

ఆ శనివారం మాకు బడి లేదు. అత్తయ్య నన్ను వెంట ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆమె ముందు ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయన పాదాలకు స్పర్శ లేదు. చెప్పు ఒరుసుకుని పుండు పడినా ఆయనకు తెలియదు. అత్తయ్య కొత్త చెప్పులో తన చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని తడిమింది. పట్టీ ఊడదీసి మళ్లీ కుట్టింది. మళ్లీ తడిమింది.

"బానే ఉందమ్మా, ఇచ్చెయ్" అన్నాడాయన.

"మీకు బానే ఉంటదండీ. నా చేతికి బాగుండాలిగా" అంది.

ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. బట్టల కొట్టులో విసుక్కున్న మనిషే ఇక్కడ ప్రతి ఒక్కరినీ ఊరూ పేరూ అడిగి మాట్లాడుతోంది. నాకు కడుపు కాలిపోతోంది. ఇక ఆగలేక ఏడుపు మొహం పెట్టాను. అత్తయ్య గోడ గడియారం కేసి చూసింది. మూడు దాటింది. క్యారేజీ కట్టింది కట్టినట్టే ఉంది.

ఇంటికి రాగానే తాతయ్యకు ఫిర్యాదు చేశాను. "అత్తయ్య నాకు అన్నం పెట్టడం మర్చిపోయింది. తనూ తినలా!"

"తినలేదా? మీ అత్తయ్యా?" అన్నారు తాతయ్య. కూతురి కేసి చాలాసేపు చూశారు. ఆయన ఒప్పుకున్నావా అని అడగలేదు. చొక్కా వేసుకుని, ఆ పని ఇంకెవరికైనా ఇమ్మని స్నేహితుడికి చెప్పి వచ్చారు.

అత్తయ్య రిటైరయ్యేదాకా అక్కడే చేసింది. ఈ వేసవిలో పోయింది.

నా మనవరాలు ఇప్పుడు మూడో ఉద్యోగంలో ఉంది. చేరిన ప్రతిచోటా జీతం సంగతి వాళ్ల నాన్న అడుగుతాడు. నేను మాత్రం, ఎన్నింటికి ఆకలేసిందని అడుగుతాను. మొన్న అడిగితే, "అసలు తిన్నానా నానమ్మా?" అంది.

ఈ మాట చెబుదామని ఫోన్‌లో అత్తయ్య నంబరు తీశాను. అప్పుడు గుర్తొచ్చింది.