మజ్జిగ టర్ను

మా డైనింగ్ టేబుల్ మీద అమెరికా అంతర్యుద్ధం నడిచే ఆదివారాల్లో ఫ్యాను వేయడానికి వీల్లేదు. సింగపూర్‌ టాంపినీస్‌లో మిట్టమధ్యాహ్నం ఫ్యాను లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. కానీ ఫ్యాను తిరిగితే సైన్యాలు ఎగిరిపోతాయి. అవి వేలిగోరంత అట్టముక్కలు. ఒకసారి మా అమ్మాయి తెలియక స్విచ్ వేస్తే దక్షిణాది సైన్యం సగం సోఫా కిందికి పోయింది.

ఇది బోర్డు మీద ఆడే ఆట, ఆడేవాళ్లు ఇద్దరు. ఒకరు మా ఆయన, గుంటూరు మనిషి. రెండో అతను చాంగీ బిజినెస్ పార్క్‌లో ఆయనతో కలిసి పనిచేసిన కరీంనగర్ స్నేహితుడు. ఆయన్ని అన్నా అనేవాడు, నన్ను వదినా అంటాడు. అతనిది ఎప్పుడూ ఉత్తరాది, మా ఆయనది దక్షిణాది. బానిసత్వం కోసం పోరాడినవాళ్ల తరఫున ఆడతారేమిటని నేను అడిగితే, "వాళ్లని గెలిపిద్దామని కాదే, వాళ్ల రైళ్లు ఎంత అధ్వానంగా ఉండేవో చూద్దామని" అనేవారు.

నిజంగానే అధ్వానంగా ఉండేవి. ఆయన ఆడేవారు, నేను ఆ యుద్ధం గురించి లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని చదివేదాన్ని. దక్షిణాదిలో ఒక కంపెనీ పట్టాల వెడల్పు ఇంకో కంపెనీ పట్టాలకి సరిపోయేది కాదు. ఒక ఊళ్లో సరుకు దింపి, బండ్ల మీద వేసి, అదే ఊళ్లోని ఇంకో స్టేషన్‌కి తోలేవాళ్లు. స్టేషన్లలో మొక్కజొన్న ముక్కిపోతుంటే కొంచెం దూరంలో సైనికులు పస్తులుండేవాళ్లు. శత్రువు పట్టాలు పీకి, మంట మీద ఎర్రగా కాల్చి, చెట్ల చుట్టూ మెలితిప్పి పోయేవాడు. ఇవన్నీ నేను చదివి చెబితే మా ఆయన "చూశావా మరి" అనేవారు, ఆ పట్టాలు తనే వేయించినట్టు బాధగా.

ఆటలో కూడా అంతా రైళ్ల మీదే ఆధారపడి ఉంటుంది. ప్రతి సైన్యమూ రైలు మార్గం ద్వారా తన గిడ్డంగికి కలిసి ఉండాలి. మధ్యలో శత్రువు ఒక్క వంతెన పట్టుకున్నా తిండి అందదు. ఆ టర్ను ముగిసేసరికి ఆ సైన్యాన్ని బోర్డు మీద నుంచి తీసేయాలి. ఆటతో వచ్చిన నియమం అది. వీళ్లిద్దరికీ నచ్చలేదు. తినేవాడి ముందు నుంచి విస్తరి లాగేసినట్టుందన్నారు. బాగా చర్చించి సొంత నియమం ఒకటి చేర్చారు: తిండి తెగిన సైన్యానికి ఇంకో టర్ను గడువివ్వాలి. మజ్జిగ పోసుకోకుండా ఎవర్నీ లేపకూడదు కదా. దాని పేరు మజ్జిగ టర్ను. ఆ గడువులో ప్రతి సైన్యమూ ఎలాగో ఒకలా తప్పించుకునేది. ఎవరూ చావరు, ఆట తెమలదు. మేము నెలల తరబడి సోఫాలో కూర్చుని, ఒళ్లో కంచాలు పెట్టుకుని తినేవాళ్లం.

నిరుడు ఆయన గుండెపోటుతో పోయారు. ఆట సగంలో ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా టేబుల్ పక్కన కూర్చుని కాఫీ తాగారు గానీ, బోర్డు తీసేయమని ఎవరూ అనలేదు.

కొన్ని వారాలకి ఆ కరీంనగర్ స్నేహితుడు వచ్చాడు. నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లాడు.

"ఏం జేద్దాం వదినా? డబ్బాల పెట్టేద్దామా?"

"నేను ఆడతాను."

"మీకొస్తదా?"

"ఇన్నేళ్లు ఉక్కపోతలో కూర్చుని చూశాను. రాకుండా ఎట్లా పోద్ది?"

అలా ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. కొన్నాళ్లకి ఒక సంగతి గమనించాను. మా ఆయన పెద్ద సైన్యం అట్లాంటాలో ఉంది. దానికి తిండి వచ్చేది ఒకే లైను మీద, ఒకే వంతెన దాటి. అతని గుర్రపుదళం ఆ వంతెనకి ఒక్క గడి అవతల ఊరికే నిలబడి ఉంది.

"నీ గుర్రాలు అక్కడేం చేస్తన్నయ్?"

"నీళ్లు తాగుతున్నయ్ వదినా."

తరవాతి వారం మళ్లీ అడిగాను. "ఇంకా తాగుతన్నయ్యా?"

"ఎండలు గదా."

సోఫాలో ఫోను చూసుకుంటున్న మా అమ్మాయి తలెత్తకుండానే సింగపూర్ ఇంగ్లీషులో అంది: "అంకుల్, యువర్ హార్స్ సో థర్స్టీ ఆ? జస్ట్ అటాక్ లా!"

అతను నవ్వేసి ఇంకెక్కడో ఏదో ముక్క జరిపాడు.

ఆ సైన్యం ఆయన పెట్టిన చోటే ఉండాలని అతని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ ఆ ఏడాదంతా అందరూ నాతో అలాగే ఉన్నారు. లిఫ్టులో నన్ను చూడగానే నవ్వు ఆపేసేవాళ్లు. ఆఫీసులో నేను చేసిన తప్పుకి వాళ్లు సారీ చెప్పేవాళ్లు. ఎవరైనా ఒక్కరు నాతో మామూలుగా పోట్లాడితే బాగుండుననిపించేది. ఈ టేబుల్ దగ్గర కూడా ఆ పని జరగకపోతే ఇంకెక్కడా జరగదనుకున్నాను.

మరుసటి ఆదివారం సైన్యాన్ని అట్లాంటా నుంచి కదిలించి ఉత్తరానికి నడిపించాను. మా ఆయన ఎన్నడూ అంత తెగించి ఆడలేదు. రెండు మూడు టర్నుల్లో అతని గిడ్డంగి పక్క గడికి చేరాను.

"వచ్చే టర్నులో ఇది నాది. గిడ్డంగి పోతే ఆట పోయినట్టే."

అతను బోర్డు వంక చూశాడు. తప్పించుకోవడానికి దారి ఒక్కటే ఉంది. అది అతనికీ తెలుసు.

"వదినా, అది అన్న సైన్యం..."

"ఆడతంది నేను. నామీద జాలిపడి ఓడిపోయావంటే వచ్చే ఆదివారం నీకు తలుపు తియ్యను."

అతను కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. గుర్రపుదళాన్ని రెండు వేళ్లతో ఎత్తి వంతెన మీద పెట్టాడు. నా సైన్యానికి తిండి తెగింది.

నాకు గడువు టర్ను ఒక్కటే మిగిలింది. గిడ్డంగి మీద పడటానికి డైస్‌లో అయిదో ఆరో కావాలి. వేశాను. రెండు పడింది.

"అయిపాయె!" అతను కుర్చీలోంచి లేచి టేబుల్ మీద చరిచాడు. ముక్కలన్నీ ఎగిరిపడ్డాయి. "మీ గుంటూరోళ్ల పని అయిపాయె! పోస్కోండ్రి మజ్జిగ! చెంబుతోని పోస్కోండ్రి!"

ఎవరి ముందు అరుస్తున్నాడో అతనికి అప్పుడు గుర్తొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"డైస్ అట్టముక్క మీద ఒరిగింది, అది చెల్లదు," అన్నాను.

"ఎందుకు చెల్లదు?"

"ముక్క మీద ఒరిగితే మళ్లీ వెయ్యాలని మీ అన్నతో నువ్వే కదా పోట్లాడింది!"

"అది డైస్ కిందపడ్డప్పుడు వదినా! మాట మారుస్తున్నరు!"

"నేనా? వారాల తరబడి గుర్రాలకి నీళ్లు తాపింది ఎవరంట?"

"ఓడిపోయిన్రు. ఒప్పుకోండ్రి."

చాలాసేపు వాదించుకున్నాం. అతను తగ్గలేదు. మా అమ్మాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని లోపలికి పోయింది. చివరికి సైన్యాన్ని నా చేతులతోనే తీసి డబ్బాలో వేయాల్సి వచ్చింది. ఏడుపు వస్తుందనుకున్నాను. ఒళ్లు మండింది, అంతే.

ఆ మంట సోమవారానికి కూడా తగ్గలేదు. ఆఫీసుకి రాఫెల్స్ ప్లేస్ వెళ్లే ట్రైన్‌లో కమ్మీ పట్టుకుని నిలబడి, వంతెన దగ్గర ఒక్క దళాన్నయినా కాపలా పెట్టకుండా ఎట్లా బయల్దేరానా అని నన్ను నేను తిట్టుకుంటున్నాను. అంతలో అతని మెసేజ్ వచ్చింది. ఈసారి దక్షిణాది తనకి ఇస్తానా అని.

ఇవ్వను అని రాశాను.