నిశ్శబ్దం బోర్డు కింద మా అమ్మమ్మ

మా అమ్మమ్మకు తిట్టకుండా మాట్లాడటం రాదు. మెల్లగా తిట్టడం అసలే రాదు. అలాంటి మనిషికి కాలేజీ లైబ్రరీలో ఉద్యోగమిచ్చి, సరిగ్గా ఆమె నెత్తిమీదే 'నిశ్శబ్దం' అని బోర్డు తగిలించారు. పిల్లలు ఆమెకు పెట్టుకున్న పేరు మైకమ్మమ్మ.

పుస్తకం అడిగితే, "ఇన్నాళ్ళూ గాడిదలు కాశావా?" తిరిగిస్తే, "అప్పుడే చదివేశావా? నమలకుండా మింగావేం?" పుస్తకమంతా జిరాక్సు తీస్తామని ఎవరైనా నోరు జారితే ఇక బోర్డు ఊగేది. "దాన్ని దొంగతనమంటారురా, సన్నాసీ! కావలసిన నాలుగు పేజీలు తీసుకో, ఫో!" నేను తొమ్మిదో తరగతిలోనే చదువుకు దణ్ణం పెట్టేశానంటే, అందులో సగం పుణ్యం ఆవిడదే.

లా చదివే కుర్రాడొకడు లైబ్రరీకి వచ్చేవాడు. కళ్ళు కనిపించవు. తెరమీది అక్షరాలను కంప్యూటర్ పైకి చదువుతుంటే విని నేర్చుకునేవాడు. ఆ ఏడాది అతని పాఠ్యపుస్తకాన్ని అచ్చువేయడం మానేసి, కంప్యూటర్లోనే చదువుకోమంది ప్రచురణ కంపెనీ. ఎవరూ కాపీ చేయకుండా దానికో తాళం వేసింది. ఆ తాళంతో కంప్యూటర్ గొంతు కూడా పడిపోయింది. కుర్రాడు మీట నొక్కినప్పుడల్లా "అనుమతి లేదు" అని ఒక్క ముక్క చదివి ఊరుకునేది. వచ్చేవారమే నోటి పరీక్ష.

నేను క్యారేజీ తీసుకెళ్ళేసరికి అమ్మమ్మ ఫోన్లో కంపెనీవాణ్ణి దులిపేస్తోంది. అవతలి గొంతు హాలంతటికీ వినిపిస్తోంది.

"మీరు డబ్బు కట్టింది కళ్ళతో చదవడానికండీ. వినాలంటే వేరే అనుమతి కావాలి. దరఖాస్తు పెడితే కొన్ని నెలల్లో..."

"అందాకా వాడు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూడాలా?"

"ఆ కళ్ళే ఉంటే ఈ గొడవెందుకండీ అమ్మమ్మగారూ!" కుర్రాడు కిసుక్కుమన్నాడు.

"నువ్వు నోర్ముయ్!" అని అతన్ని కసిరి, ఫోన్ బల్లమీద విసిరికొట్టింది. నావైపు తిరిగింది. "రాసింది మన మాస్టారు. కొన్నది మన కాలేజీ. చదవాల్సింది మన పిల్లాడు. మన వేలితో మన కన్నే పొడవడానికి మధ్యలో వీడెవడు? పుస్తకం నోరు కట్టేశాడుగా, ఇప్పుడు నా నోరు కట్టమను చూద్దాం. మీ తాతవల్లే కాలేదు!"

కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. మొదటి పేజీనుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. చదవడమంటే ఆవిడకు తెలిసిన పద్ధతిలోనే.

"సమ్మతి లేనిదే ఒప్పందం చెల్లదు. వింటున్నావా, మొద్దూ? బెదిరించి పెట్టించుకున్న సంతకం నిలవదు. తల ఊపకు, తిరిగి చెప్పు!"

లైబ్రరీ అధికారి పరుగున వచ్చి గొంతు తగ్గించి, "అమ్మా, పైకి చదవడానికి మనకు అనుమతి ఉందో లేదో..." అన్నారు.

"చదవడం లేదు సార్, తిడుతున్నాను. నా తిట్లక్కూడా కంపెనీ అనుమతి కావాలా?"

ఆయన అమ్మమ్మను చూశారు, కుర్రాణ్ణి చూశారు. స్టూలెక్కి బోర్డును గోడవైపు తిప్పేసి వెళ్ళిపోయారు. ఇక వారమంతా అదే వరస. పుస్తకం పూర్తయ్యేసరికి అమ్మమ్మ గొంతు బొంగురుపోయింది గానీ తిట్టు ఒక్కటీ తగ్గలేదు.

పరీక్షలో పెద్దాయనొకరు, "ఒప్పందం ఎప్పుడు చెల్లదు?" అని అడిగారట. కుర్రాడు లేచి, కిటికీలు అదిరేలా, "సమ్మతి లేనిదే ఒప్పందం చెల్లదు. వింటున్నావా, మొద్దూ?" అన్నాడట.

"ప్యాసయ్యానండీ," అని చెప్పడానికి నేరుగా లైబ్రరీకే వచ్చాడు. "మొద్దు అన్నందుకు మాత్రం ఒక మార్కు కోశారు, అమ్మమ్మగారూ."

"ఒక్కటేనా?" అంది అమ్మమ్మ, బొంగురు గొంతుతోనే. "అయితే నేను నేర్పినవాటిలో సగం కూడా అప్పజెప్పలేదన్నమాట, దద్దమ్మా!"