మోతీకి చెప్పని మాట

కురుమయ్యకు కుక్కలంటే ప్రాణం. బిజినేపల్లి దిక్కున ఒక దొర దగ్గర పన్నెండేళ్లు వేటకుక్కలను సాకాడు. నిజాం ఏలుబడి చివరి రోజులవి. దొర అడగందే ఎవరూ నోరు తెరవకూడదు. ఒకసారి వేటలో డప్పు కొట్టే పెంటయ్య ఆగలేక, "దొరా, గా పొదల ఉన్నది!" అని కేక వేశాడు. జంతువు బెదిరి పారిపోయింది. అతిథుల ముందే పెంటయ్య వీపు మీద కొరడా ఆడింది. ఆ చప్పుడు కురుమయ్య చెవుల్లోంచి పోలేదు.

ఉడికిన కూడు తింటే కుక్కకు ముక్కు పని చేయదని దొర నమ్మకం. అందుకే హైదరాబాదు నుంచి రెండు జతల తెల్ల కుందేళ్లను తెప్పించి, వాటిని పెంచి కుక్కలకు పచ్చిగా వేయమని కురుమయ్యకు అప్పగించాడు. కురుమయ్య పెరట్లో పాత కుండలు అడ్డంగా పడుకోబెట్టి, లోపల గడ్డి పరిచాడు. ఏడాది తిరిగేసరికి ఎటు చూసినా చెవులే. భార్య జములమ్మ రోజూ గరిక కోసుకొచ్చేది.

"మనకు జొన్న గటుక, కుక్కలకు దినాం మాంసం కూర. బాగనే ఉన్నది నీ కొలువు" అని సణిగేది. సణిగితేనేం, కుందేలును కోసినప్పుడల్లా తలా పేగులూ ఆమె పిల్లికే దక్కేవి. కత్తి నూరే చప్పుడు వింటే చాలు, ఆ మహాతల్లి ఎక్కడున్నా గోడ దిగి వచ్చేది.

కుక్కల్లో మోతీ వేరు. పుట్టగానే తల్లి చచ్చిపోతే జములమ్మ మేకపాలు పట్టి బతికించింది. పిల్లల్లేని ఇల్లు కదా, అది పెరట్లోనే పెరిగింది. అయితే ఒళ్లు వచ్చాక ఒక్క వారంలో మూడు కుందేళ్లను చంపి పెట్టింది. కురుమయ్య దాన్ని కొట్టలేదు. ముందర మాంసం పెట్టి, మెడ పట్టుకుని కూర్చునేవాడు. "తిను" అన్నాకే వదిలేవాడు. నెల రోజులు ఇదే పని. చివరికి కుందేళ్లు కాళ్ల మీదుగా గెంతుతున్నా, ఆయన మాట కోసం చూస్తూ కూర్చోవడం దానికి అలవాటైంది. ఊళ్లో వాళ్లు వచ్చి ముక్కున వేలేసుకుంటే కురుమయ్య ఉబ్బిపోయేవాడు. ఆ ఉబ్బే కొంప ముంచింది.

సంగతి దొర చెవిన పడింది.

"చెవులపిల్లులతోని సోపతి చేసే కుక్క నాకెందుకురా? ఈ షికారుల పట్టకపోతే కాల్చి పారేస్త."

"పడుతది దొరా. దాని తీరు మీకు తెల్వదు" అన్నాడు కురుమయ్య చేతులు కట్టుకుని. అడవి కుందేలు గోధుమ రంగుది, ఉరుకుతుంది. ఇంటి కుందేలుకూ దానికీ తేడా మోతీకి తెలియదా అని ధైర్యం చెప్పుకున్నాడు. బయలుదేరేటప్పుడు జములమ్మ మోతీ తల నిమిరి, "జర పైలం. దీన్ని మల్ల ఇంటికి తోల్కరా" అంది.

గుట్ట కింద అడవి కుందేలు లేవగానే కుక్కలను వదిలారు. మోతీ అన్నిటినీ దాటిపోయింది. రెండు బండల సందులోకి దూరిన కుందేలుకు వెనక దారి లేదు. ఇక ఒక్క పట్టు పడితే సరి. మోతీ దాని ముందర కూర్చుంది. కూర్చుని, తల తిప్పి కురుమయ్య వైపు చూసింది.

యాభై అడుగుల దూరం కూడా లేదు. ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. పక్కనే దొర, దొర పక్కన అతిథులు, దొర చేతిలో కొరడా. దొర తన వైపు చూస్తాడేమో, చూస్తే చెప్పడానికి సెలవు అడుగుదామని కురుమయ్య ఎదురు చూశాడు. మోతీకి తను నేర్పిందే తనకూ ఎవరో నేర్పారు. ఈలోగా అతిథి ఒకాయన ఫక్కున నవ్వాడు. కుందేలు మోతీ కాళ్ల మీదుగా దూకి పొదల్లో పడింది. దొర తుపాకి ఎత్తాడు. అప్పటికీ మోతీ కురుమయ్యనే చూస్తూ తోక ఊపుతోంది.

కురుమయ్య ఇంటికి ఒట్టి తాడుతో వచ్చాడు. జములమ్మ తాడు వంక చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ నెలలోనే కొలువు వదిలి ఇద్దరూ ఉప్పునుంతల చేరి కూలికి పోసాగారు. ఆ తర్వాత ఏ కుక్కనూ చేరదీయలేదు.

చాలా ఏళ్లకు నాగర్‌కర్నూల్ అంగడిలో పెంటయ్య కనిపించాడు. ఇద్దరూ ముసలివాళ్లయ్యారు. చింతచెట్టు కింద కూర్చుని బీడీలు కాల్చుకున్నారు. కురుమయ్య ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగాడు.

"అన్నా, గా దినం కొరడా దెబ్బలు తిన్నవు గద. ఎన్ని దినాలు నొచ్చింది?"

పెంటయ్య కాసేపు గుర్తు చేసుకున్నాడు.

"మూడు దినాలు. నాలుగోనాడు నాగలి కట్టిన."

కురుమయ్య చేతిలో బీడీ ఆరిపోయింది.

"గంతేనా?" అన్నాడు.