చీటీ వద్దన్న రంగనాయకమ్మ అత్త

మా నాన్నకు అక్క రంగనాయకమ్మ. ప్రభుత్వ పాఠశాలలో ముప్పై ఏళ్ళు ఆటల టీచరుగా పనిచేసింది. రిటైరై తమిళనాడులోని మా ఊరు మహేంద్రమంగళం వచ్చేశాక కూడా, చుట్టుపక్కల ఎక్కడ ఆడపిల్లల కబడ్డీ జరిగినా స్కోరు బల్ల దగ్గర కూర్చునేది ఆమే. మా ఇళ్ళలో మాట తెలుగు, చదువు తమిళం. అందుకని అత్త తన నోటుపుస్తకంలో తెలుగు మాటల్ని తమిళ అక్షరాలతో రాసుకునేది. ఆ పుస్తకం మావాళ్ళకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఆమె చిన్నతనంలో కబడ్డీని చడుగుడు అనేవారు. మా ఊళ్ళన్నీ అప్పుడు సేలం జిల్లాలో ఉండేవి. జిల్లా పోటీల్లో అత్త జట్టూ ఇంకో జట్టూ సమానంగా నిలిస్తే, పెద్దలు చెంబులో చీటీలు వేసి ఒకటి తీశారట. అత్తవాళ్ళ పేరు రాలేదు. మధ్యాహ్నం బస్సుకే ఇంటికి పంపేశారు.

"ఓడింటే ఏడ్చి ఊరుకుందుము. మేము ఓడలేదు గదా ప్రియా" అనేది నాతో.

2006లో కారిమంగళం సంత మైదానంలో ఆరు జట్ల పోటీ పెట్టారు. మహేంద్రమంగళం జట్టుకు నేనే కెప్టెన్ని. నియమాలు అత్త రాసింది. అందరూ అందరితో ఆడాలి. పైన నిలిచిన నాలుగింటిలో మొదటి రెండు జట్లు ఒకదానితో ఒకటి ఆడితే, గెలిచింది నేరుగా ఫైనల్‌కు పోతుంది. ఓడిన జట్టు ఇంటికి పోనక్కరలేదు. మూడు, నాలుగు స్థానాల ఆటలో గెలిచిన జట్టుతో ఇంకోసారి ఆడి, గెలిస్తే ఫైనల్‌కు రావచ్చు.

"కష్టపడి పైకొచ్చినోళ్ళు. ఒక తప్పు మన్నిస్తే ఏమి పోయె?" అంది అత్త.

చివరికి నాలుగో స్థానం దగ్గరే చిక్కొచ్చింది. మేమూ, కడత్తూరు జట్టూ చెరి రెండు ఆటలు గెలిచాం. మా ఇద్దరి మధ్య ఆట సమంగా ముగిసింది. పాయింట్ల తేడా చూసినా ఇద్దరికీ ఆరే. అత్త మూడుసార్లు కూడి చూసింది. అప్పటికే సాయంత్రమైంది. మరునాడు సంత.

పోటీ జరిపిస్తున్న బాలసుందరం గారు వచ్చి, "టీచరమ్మా, రేపు మైదానం మనది గాదు. చీటీ వేసేద్దాము" అన్నారు.

"నేనుండగా చీటీ లేదు. బండ్లు దిగేలోపల, ఆరు గంటలకి ఆడిస్తాను."

పొద్దున్నే మేము వచ్చేసరికి మైదానం అంచున టమాటా బుట్టలు దిగుతున్నాయి. అమ్మేవాళ్ళు బుట్టలు వదిలేసి గీతల చుట్టూ నిలబడ్డారు. మంచుకు నేల చల్లగా ఉంది. పచ్చి టమాటా వాసన ఎక్కడ తగిలినా నాకిప్పటికీ ఆ ఉదయమే గుర్తొస్తుంది.

ఇరవై నిమిషాల ఆట. చివరి కూతకు నేనే వెళ్ళాను. మేము ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. కడత్తూరు కెప్టెన్ సుగన్య నన్ను దగ్గరికి రానివ్వలేదు. దాటితే ఒక పాయింటు వచ్చే బోనస్ గీత మీదికి కాలు చాచి, వెనక్కి పరిగెత్తి వచ్చి, దాటానని చెయ్యెత్తాను. మావాళ్ళు కేకలు వేశారు. రెఫరీకి సందేహం వచ్చింది. గీతకు నేరుగా కూర్చున్నది అత్తే కాబట్టి ఆమెనే తమిళంలో అడిగాడు.

అత్త నా వైపు చూడలేదు. "దాటలేదు" అంది.

ఒక్క పాయింటుతో ఓడాం. ఇంటికొచ్చి ఏడ్చాను. మా అమ్మ గోపమ్మ కూడా, "సొంత బిడ్డ మాదిరి పెంచి, నలుగురిలో అట్ల చెప్పేదేమి?" అని నొచ్చుకుంది. నేను అత్తతో మాట్లాడడం మానేశాను. వారం రోజులు ఆమె ఇంటి గుమ్మం తొక్కలేదు.

ఆ వారంలోనే కడత్తూరు జట్టు మూడో స్థానం వాళ్ళను ఓడించింది, రెండో అవకాశంతో వచ్చిన కారిమంగళాన్నీ ఓడించింది. ఫైనల్ రోజున అత్త మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"నా కన్ను మసకేసింది ప్రియా. పక్కన కూర్చోని రాస్తావా?"

కాదనలేకపోయాను. ఆమె చెబుతుంటే నేను రాశాను. సుగన్యవాళ్ళు, నేరుగా ఫైనల్‌కొచ్చిన పాలకోడు జట్టు చేతిలో మూడు పాయింట్లతో ఓడారు. అయినా ఆట అయ్యాక ఆ పిల్ల వచ్చి అత్త కాళ్ళకు దండం పెట్టింది.

తిరుగు బస్సులో చెప్పేశాను.

"అత్తా, ఆ దినము నా కాలు గీత దాటలేదు. నాకు అప్పుడే తెలుసు."

"తెలిసీ చెయ్యెత్తినావా?"

"ఎత్తినాను."

"నేనూ నీ వయసులో ఎత్తిందాన్నే" అంది అత్త.

బస్సు దిగి నడుస్తూ, వచ్చే ఏడాది జట్టులోకి ఎవరెవరిని తీసుకోవాలని అడిగింది. ఇల్లు చేరేదాకా ఆ పేర్లే చెప్పుకున్నాం.