మా మరిది మోటారు పడవ

మా మరిది పోయాడన్న కబురు పోయిన నెల ఒక మంగళవారం తెల్లవారుతుండగా వచ్చింది. ఎన్నూరులో అతని ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. అతని గురించి నాలుగు మాటలు రాయమని బంధువులు అడిగారు. మంచివాడని రాసి ఊరుకోవడానికి నా మనసు ఒప్పడం లేదు. నావల్ల అతను పోగొట్టుకున్నదీ ఇందులో ఉండాలి.

హార్బరులో గుమాస్తాగా చేసేవాడు. తెల్లదొరలు వెళ్ళిపోతూ వేలం వేసిన సామానులో, పడవ వెనక తగిలించే పాత మోటారు ఒకటి కొన్నాడు. సాయంత్రాలు మా మనవళ్ళిద్దరినీ మనవరాలినీ పడవెక్కించి ఉప్పుటేటి మీద తిప్పేవాడు. అతనికి పిల్లలు లేరు.

ఆ మోటారు మహా మొండిది. తడిసిన ప్లగ్గును ఆరబెట్టడానికి అతను తిన్నగా నా వంటింట్లోకి వచ్చేవాడు.

"పప్పు ఉడకతా ఉంటే మధ్యలో నీ ఇనప ముక్కేంది?" అనేదాన్ని.

"తిట్టబాక వొదినా. పప్పుకు తొందరేముండాది? దీనికి చలిజ్వరం," అంటూ దాన్ని పట్టకారుతో నిప్పుల మీద పట్టుకుని కూర్చునేవాడు.

ఒక ఏడు ఆయుధపూజకు కత్తిపీటకూ కుట్టుమిషనుకూ పిల్లల పుస్తకాలకూ బొట్లు పెట్టి, మోటారుకూ నేనే పెట్టాను. గంధం చిక్కగా తీసి పెట్రోలు తొట్టి మూత మీద నిండుగా అద్ది, నడుమ కుంకుమ దిద్దాను. మర్నాడు అతను పిల్లలను తీసుకుని వెళ్ళాడు. ఏరు సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో మోటారు ఆగిపోయింది. నీళ్ళు సముద్రం వైపు లాగే వేళ. నేను ఒడ్డున నిలబడి చూస్తున్నాను. అతను తాడు గుంజుతాడు, అది కాస్త దూరం నడుస్తుంది, మళ్ళీ ఆగుతుంది. చివరికి జాలరులు మోకు వేసి పడవను లాక్కొచ్చారు.

పిల్లలు నవ్వుకుంటూ దిగారు. నేను మాత్రం అందరి ముందరా అనేశాను: "నీకు బిడ్డల్లేరు, నీకేం తెలస్తాది? ఇంక మా బిడ్డల జోలికి రాబాక."

అతను పడవ వెనక నుంచి మోటారు విప్పి భుజాన వేసుకున్నాడు. మర్నాడు మా పెరట్లో మోటారును నీళ్ళ పీపాకు బిగించి కూర్చున్నాడు. ప్లగ్గు బాగుంది, పెట్రోలు శుభ్రంగా ఉంది. మోటారు మాత్రం కాసేపు నడిచి, గొణిగి, ఆగుతోంది. తొట్టి మూత తిప్పగానే ఉస్సుమని గాలి లోపలికి పోయింది. మూతకు సూదిబెజ్జమంత రంధ్రం ఉంటుందట. అందులోంచి గాలి పోకపోతే పెట్రోలు కిందికి దిగదట. ఆ రంధ్రంలో నా గంధం ఎండి గట్టిపడి ఉంది.

పిన్నీసుతో దాన్ని గీకుతూ, "దీని ముక్కు యాడుండాదో నీకేం తెలుసులే వొదినా," అని నవ్వాడు.

అక్కడే తప్పు ఒప్పుకున్నాను. అన్న మాట వెనక్కి తీసుకున్నాను. పిల్లలను పిలిచి చిన్నతాతతో వెళ్ళమన్నాను.

"వద్దులే వొదినా," అన్నాడు. "మోటారు బాగైంది. నాకే ధైర్యం చాల్లా."

ఆ తరవాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. పిల్లలకు పిప్పరమెంట్లు తెచ్చేవాడు, కథలు చెప్పేవాడు, పడవ మాత్రం ఎక్కించుకోలేదు. అయినా ఏటా ఆయుధపూజకు మోటారును భుజాన మోసుకొచ్చి నా ముందే దించేవాడు. "ఈడ బొట్టు పెట్టు వొదినా, పెద్దదిగా పెట్టు. ఆడ మాత్రం వద్దు, పాపం ఊపిరాడదు." నేనూ నవ్వేదాన్ని. కానీ ఒక మాటను వెనక్కి తీసుకున్నానని నేను అనుకున్నంత మాత్రాన, విన్నవాడి చెవిలోంచి అది బయటికి రాదు.

కర్మలు అయ్యాక పడవను ఇంటికి చేరుద్దామని పిల్లలతో ఏటి ఒడ్డుకు వెళ్ళాను. పైన కప్పిన పట్టా తీస్తే, ముందు బల్ల మీద ఇసుక నింపిన మూడు సంచులు వరసగా కనిపించాయి. రెండు పెద్దవి, ఒకటి చిన్నది.

"ఇవి ఎందుకు?" అని అక్కడున్న జాలరిని అడిగాను.

"ముందర బరువు లేకుంటే పడవ మూతి పైకి లేస్తాదమ్మా. అయ్య ఒక్కడే గదా పొయ్యేది," అన్నాడు.

మనవళ్ళు పెద్ద సంచులను దించారు. మనవరాలు చిన్న సంచిని దించనివ్వలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆ చోట కూర్చుని, నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది.