ఇటలీ ఆంటీ వంతు

నా చిన్నప్పుడు మేం న్యూయార్క్ దగ్గరున్న ఎడిసన్‌లో ఒక చెక్క ఇంటి పైవాటాలో అద్దెకుండేవాళ్ళం. కింది వాటాలో ఒక ఇటలీ ఆవిడ ఒంటరిగా ఉండేది. యాభై దాటిన మనిషి, ఆపెరా గాయని. ఆవిడ పేరు మా నోళ్ళు తిరిగేది కాదు. అందుకని మా ఇంటిల్లిపాదికీ ఆవిడ ఇటలీ ఆంటీ. మా అమ్మ నర్సు. శనివారం డ్యూటీ పడితే నన్ను ఆవిడకి అప్పగించి వెళ్ళేది.

ఆవిడ బట్టలు మడతపెడుతూ తన కథ చెప్పేది. పదహారో ఏట పాట నేర్చుకుందామని వెళితే గురువుగారు ఏడాది పాటు పాటే ఎత్తనివ్వలేదట. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద లావుపాటి పుస్తకం పెట్టి, ఊపిరి పీల్చినప్పుడల్లా అది లేస్తోందా లేదా అని చూసేవాడట. ఇంకో ఏడాదంతా ఒక్క 'ఆ' మాత్రమే. అమ్మ సరళీస్వరాలు మొదలుపెడితే రెండో వారానికే తప్పించుకున్నదాన్ని నేను. ఆ సాధన గురించి వింటేనే నాకు నీరసం వచ్చేది.

అంత కష్టపడి ఆవిడ వియన్నా, లండన్, బ్యూనస్ ఎయిరీస్ తిరిగి న్యూయార్క్ దాకా వచ్చింది. వచ్చి చేసిందేమిటయ్యా అంటే, ఎదురుచూడటం. ఆ ఉద్యోగాన్ని వాళ్ళు 'కవర్' అంటారు. ముఖ్య గాయనికి ఒంట్లో బాగాలేకపోతే ఆమె బదులు పాడాలి. పాత్ర మొత్తం కంఠతా వచ్చి ఉండాలి, ప్రదర్శన జరిగినంతసేపూ గొంతు సిద్ధం చేసుకుని వెనక గదిలో కూర్చోవాలి. ఆవిడ ఖర్మ కొద్దీ ఏ ఊళ్ళో చూసినా ముఖ్య గాయనులంతా ఉక్కుపిండాలే. చిన్న ఊళ్ళలో చిన్నాచితకా వేషాలు వేసింది గానీ, పెద్ద వేదిక మీద నాయిక పాత్ర ఒక్కసారి కూడా పాడలేదు. ఆ ఏడాదితో న్యూయార్క్ కాంట్రాక్ట్ కూడా అయిపోతోంది. ఆ వయసులో ఇంక తననెవరూ పిలవరని కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా చెప్పింది.

నాకు మాత్రం ఉక్రోషం ఆగలేదు. పదేళ్ళ బుర్రకి తోచిన ఉపాయమొకటే. ముఖ్య గాయని గొంతు పోతే పదకొండు కొబ్బరికాయలు కొడతానని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. అప్పట్లో మా చుట్టుపక్కల ఒక్క కొబ్బరికాయ దొరకడమే గగనం. ఆ సంగతి ఆలోచించలేదు.

చివరి ప్రదర్శన ఒక శనివారం మ్యాట్నీ. అమ్మకి డ్యూటీ. నన్ను తనతో తీసుకెళ్తానంది ఆంటీ. "ఆవిణ్ణి విసిగించకు, క్వయట్‌గా కూర్చో, తెలిసిందా?" అని అమ్మ నా కోటు బొత్తాలు పెట్టి పంపింది. రైల్లో ఆంటీ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ప్రదర్శన రోజు గొంతు వృథా చేయకూడదట.

వెనక గదికి కిటికీ కూడా లేదు. వేదిక మీది పాట గోడకున్న స్పీకర్‌లోంచి వినపడేది. మొదటి అంకంలో ముఖ్య గాయని గొంతు రెండుసార్లు జీరపోయింది. నాకే తెలిసిందంటే ఆంటీకి తెలియదా? లేచి నిలబడింది. విరామంలో ఒకావిడ దుస్తులు పట్టుకుని పరుగున వచ్చింది. మేనేజర్ సిద్ధంగా ఉండమన్నాడట. ఆంటీ ఆ బరువైన గౌను తొడుక్కుంది. వీపు మీద హుక్కులు నేనే పెట్టాను. నా మొక్కు ఫలించిందని లోలోపల గంతులేస్తున్నాను.

అప్పుడు తలుపు తోసుకుని ముఖ్య గాయని వచ్చింది. ఆంటీ కూతురి వయసుంటుంది. ఏడ్చి ఏడ్చి కాటుకంతా కారిపోయింది. చివరి అంకంలో పైస్థాయికి వెళ్ళే చోట తన గొంతు నిలవదని, అక్కడ మీరెలా దాటుతారో చెప్పమని బతిమాలింది. వెళ్ళి పడుకో, నేను పాడతానని ఆంటీ అంటే సరిపోయేది. అనమని నేను కళ్ళతోనే వేడుకున్నాను. ఆంటీ చాలాసేపు అద్దంలో తన గౌను చూసుకుంది.

తర్వాత ఆ పిల్ల వీపు మీద అరచెయ్యి వేసి, "ఇక్కడ నింపు" అంది. ఊపిరి ఒక పాదం ముందే తీసుకోవాలని, అంతకు ముందు గొంతు సగానికి తగ్గించి దాచుకోవాలని, దవడ వదులుగా ఉంచాలని చెప్పి, మూడుసార్లు చేయించి చూసింది. ఆ పిల్ల ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయింది. చివరి అంకంలో ఆ చోటు వచ్చినప్పుడు నేను చెవులు మూసుకున్నాను. చేతులు తీసేసరికి స్పీకర్ నిండా చప్పట్లు. ఆంటీ నా వైపు వీపు తిప్పి, హుక్కులు విప్పమంది.

తిరుగు రైల్లో ఎందుకు చెప్పావని ఏడుస్తూ దెబ్బలాడాను. "చెప్పకూడదనే అనుకున్నాను" అందావిడ. "అక్కడ దాటడం నేర్చుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఇన్నేళ్ళలో అదెలాగని అడిగినవాళ్ళు లేరు. ఈ పిల్ల అడిగింది. తెలియదని ఎలా చెప్పను?" ఇంక మాట్లాడించొద్దని చెప్పి కళ్ళు మూసుకుంది. ఆ ముఖంలో గొప్ప పని చేసిన కళ ఏమీ లేదు. అలసట ఒక్కటే ఉంది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. సాఫ్ట్‌వేర్‌లో జుట్టు నెరిపించుకున్నదాన్ని. రిటైరయ్యే లోపు ఒక్కసారైనా టీమ్ లీడ్ చేయాలని ఆశపడ్డాను. పోయిన నెల ఆ పోస్ట్ నాకంటే పాతికేళ్ళు చిన్నదైన తెలుగమ్మాయికి ఇచ్చారు. వారం తిరక్కుండా నా దగ్గరికొచ్చి, "ఆంటీ, ఈ పాత సిస్టమ్ ఊరికే క్రాష్ అవుతోంది, ఎవరికీ అర్థం కావట్లేదు. మీకేమైనా ఐడియా ఉందా?" అంది. తెలియదనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఆ కోపంతోనే రెండు గంటలు కూర్చుని నాకు తెలిసిందంతా చెప్పాను.

అలా చెప్తే మనసు తేలికవుతుందంటారు. ఆ రోజు రైల్లో ఆవిడ ముఖం చూసినదాన్ని, నేనా మాట నమ్మను. ఆఫీసు అయ్యాక కారెక్కి చాలాసేపు స్టార్ట్ చేయకుండా అలాగే కూర్చున్నాను. మర్నాడు ఆ పిల్ల ఇంకో డౌట్‌తో వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చోమన్నాను.